ఏడో నంబరు రోడ్డు మీద ఆవకాయ జాడీ

మొన్న డిసెంబరులో మా అబ్బాయి కారులో నాగపూర్ మీదుగా జబల్‌పూర్ వెళ్లాం. ఖవాసా దాటి అడవి మొదలవగానే "కాస్త మెల్లగా పోనీరా, ఇక్కడే ఎక్కడో మా బెల్టు తెగింది" అన్నాను. వాడు నా నడుం వంక చూశాడు. వాడికి బెల్టంటే అదే. ఫ్యాన్ బెల్టు అని విడమరిచి చెప్పాక "ఓహో" అని పాటల సౌండు పెంచాడు.

చోటు చూపిద్దామంటే ఆనవాలు దొరకలేదు. అప్పుడది రెండు బళ్లు ఒరుసుకుంటూ తప్పుకునే రోడ్డు. రెండు పక్కలా టేకు చెట్లు. ఇప్పుడు నాలుగు లైన్లు. పెంచ్ అడవిలో జంతువులు కింద నుంచి దాటడానికి రోడ్డునే స్తంభాల మీదకి ఎత్తి కట్టారు. పక్కన చప్పుడు వినపడకుండా గోడలు కూడా పెట్టారు. మేం నాలుగు గంటలు కూర్చున్న కల్వర్టు ఏమైపోయిందో తెలీదు. కారు దాని మీదుగానే పోయిందో, పక్కనుంచి పోయిందో కూడా చెప్పలేను.

అది 1996 మే నెల, రోహిణి కార్తె. ఆ ఎండలో, పంతొమ్మిదేళ్ల వయసున్న అంబాసిడర్‌లో, హైదరాబాదు నుంచి కాశీకి బయల్దేరిన నలుగురు తెలివైనవాళ్లలో నేనొకణ్ణి.

కాశీ ఎందుకంటే పంతులు కోసం. పంతులంటే పంతులేం కాదు. డిగ్రీ మొదటి ఏడాది నుంచీ ఎవరికి ఏ లెక్క రాకపోయినా వాడే చెప్పేవాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. వాడికి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ రీసెర్చికి సీటొచ్చింది. జూన్ మొదటి తారీఖుకల్లా చేరాలి. వేసవి సెలవులు, రైల్లో వెయిటింగ్ లిస్టు చాంతాడంత. పైగా వాడి సామాను చూస్తే ఒక ట్రంకు పెట్టె పుస్తకాలు, ఒక పరుపు చుట్ట, ఒక కిరోసిన్ స్టవ్వు, రెండు సూట్‌కేసులు. "మనమే దింపొద్దాం రా" అన్నాడు ఓనరు. ఓనరంటే కారు గలవాడు. గలవాడంటే వాళ్ల నాన్నకి ఉంది. 1977 మోడల్ మార్క్ త్రీ, పాలమీగడ రంగు, గేర్లు స్టీరింగు పక్కనే, ముందు సీటు సోఫాలా ఒకే పలక.

నాలుగోవాడు భాయ్. పాతబస్తీ కుర్రాడు. వాళ్ల మామూ లేత్ షాపులో గ్రీజు మధ్య పెరిగాడు. కారు కింద పడుకుంటే వాడికి ఇంట్లో మంచం మీద పడుకున్నంత సుఖం. నాకు డ్రైవింగు రాదు, మెకానికం రాదు, హిందీ అంతంత మాత్రం. అందుకని మ్యాపు చూసే పని నాకిచ్చారు. ఆ పని కూడా అక్కర్లేదని మేడ్చల్ దాటేలోపే తేలిపోయింది. అప్పట్లో ఏడో నంబరు జాతీయ రహదారి కాశీలో మొదలై హైదరాబాదు మీదుగా కన్యాకుమారి దాకా, 2,369 కిలోమీటర్లు. దేశంలో అంతకన్నా పొడుగు హైవే లేదు. మైలురాయి మీద ఏడు అంకె కనిపిస్తున్నంతసేపూ కళ్లు మూసుకుని ఉత్తరానికి పోవడమే. ఇప్పుడా నంబర్లన్నీ మార్చేశారు. మన ఊరి మీదుగా పోయేది నలభై నాలుగు అయింది. నాకు మాత్రం అది ఇప్పటికీ ఏడే.

బయల్దేరే ముందురోజు, ఆదివారం, పంతులు వాళ్లింట్లో ఆవకాయ కలిపారు. నల్లకుంటలో వాళ్లది పాత పెంకుటిల్లు. మేం సామాను కట్టడానికి వెళ్లేసరికి వాళ్లమ్మగారు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నారు. వాళ్ల నాన్నగారు వాలుకుర్చీలో కూర్చుని, ఆ యూనివర్సిటీకి రాధాకృష్ణన్ గారు తొమ్మిదేళ్లు వైస్‌ఛాన్సలర్‌గా చేశారని మాకు మూడోసారి చెబుతున్నారు. వాళ్ల మామ్మ మాత్రం ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం గుమ్మంలో నిలబడి "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవాళ్లు మా రోజుల్లో" అంది. పంతులు నవ్వేశాడు. వాళ్లమ్మగారు నవ్వలేదు.

జాడీ ఐదు కేజీలది, కింద తెలుపు, పైన గోధుమ రంగు. మూతి మీద వాసెన కట్టారు. ఇప్పటి పిల్లలకి వాసెనంటే తెలీదేమో. జాడీ మూతికి కట్టే గుడ్డ. అది వాళ్ల నాన్నగారి పాత పంచె, ఉతికి, ఎండబెట్టి, నాలుగు మడతలు పెట్టి, పురికొసతో బిగించారు. కట్టి, దాన్ని పంతులు చేతికి ఇవ్వలేదు. భాయ్ చేతికి ఇచ్చారు.

"నాయనా, వీడికి పుస్తకాలు తప్ప ఏం గుర్తుండవు. నువ్వు దగ్గరుండి చూసుకో. ఎల్లుండికి మూడో రోజు. తిరగతిప్పాలి. ఉప్పు చూడండి. నూనె పైకి తేలకపోతే ఈ సీసాలో పప్పునూనె ఉంది, పొయ్యండి. తడి చెయ్యి మాత్రం తగలనివ్వకు. తగిలిందో, బూజే."

"ఫికర్ చెయ్యకండమ్మా, నేనున్నా" అన్నాడు భాయ్.

ఓనరు వాళ్ల నాన్న కూడా ఒక మాట చెప్పారు. బెల్టు పాతబడింది, కొత్తది వేయించు, స్పేరు ఇంకోటి డిక్కీలో పడెయ్యి అని. డబ్బులు కూడా ఇచ్చారు. వాడు సరేనన్నాడు. ఆ డబ్బుల సంగతి తర్వాత చెబుతాను.

సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. రామాయంపేట, కామారెడ్డి, ఆర్మూరు. చల్లగాలి, ఖాళీ రోడ్డు, ఇంజను గుర్రుమంటూ హాయిగా పోతోంది. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద ఆపి పంతులు రూపాయి బిళ్ల వేశాడు. మే నెల గోదావరి. అది నీళ్లలో పడలేదు, ఇసకలో పడింది. "పైనుంచి నీళ్లొచ్చినప్పుడు అందుతుందిలే" అన్నాడు ఓనరు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ సెకండ్ గేర్‌లో ఎక్కించాం. ఆ అడవి చీకటి పడ్డాక దాటొద్దని అందరూ చెప్పి పంపిన రోజులవి. మేం పట్టపగలే దాటేశాం కాబట్టి అక్కడ చెప్పుకోడానికేం లేదు. ఆదిలాబాద్‌లో భోజనం చేసేసరికి పన్నెండు దాటింది. అక్కడ పడుకుని, ఎండ తగ్గాక బయల్దేరాల్సింది. హోటలు ముసలాయన చెప్పాడు కూడా. వినలేదు.

పెన్‌గంగ దాటి మహారాష్ట్రలో పడ్డాం. పాండర్‌కవడా ఇంకా రాకుండానే కారు రెండుసార్లు దగ్గి, ఒకసారి ఎక్కిళ్లు పెట్టి, ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవట్లేదు. భాయ్ బోనెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు.

"ఎయిర్ లాక్" అన్నాడు.

తర్వాత తెలిసిన సంగతి ఏంటంటే, ఆ కార్లలో పెట్రోలు పంపు ఇంజనుకి ఆనుకునే ఉంటుంది. ఎండకి ఇంజను వేడి తోడైతే పంపులోనూ సన్న పైపులోనూ పెట్రోలు మరిగి ఆవిరైపోతుంది. పంపు లాగాల్సింది పెట్రోలుని. ఆవిరిని అది లాగలేదు, ఊరికే కొట్టుకుంటూ ఉంటుంది. కార్బొరేటర్ ఎండిపోతుంది, బండి ఆగిపోతుంది. దానికి ఒక్కటే మందు, పంపుని చల్లబరచడం. కారు తప్పేమీ లేదు. ఆ ఎండలో రోడ్డు మీద మేం తప్ప ఎవరూ లేరు, కుక్కలతో సహా.

"గుడ్డ ఇవ్వు" అన్నాడు భాయ్. ఓనరు తువ్వాలు తల మీదుంది, ఇవ్వనన్నాడు. నా దగ్గర జేబురుమాలు ఉంది, అది పంపుకి చాలలేదు. కారు తుడిచే గుడ్డ నిండా పాత ఆయిలు. పంతులు అప్పుడు కాస్త దూరంలో చెట్టు చాటుకి వెళ్లాడు. వాడు తిరిగొచ్చేసరికి పంపు చుట్టూ తెల్లటి గుడ్డ నాలుగు మడతలతో చుట్టి ఉంది. భాయ్ దాని మీద గ్లాసుతో నీళ్లు పోస్తున్నాడు. ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరిలో ఆవపిండి వాసన.

పంతులు దాన్ని చూశాడు. జాడీ వైపు చూశాడు. మళ్లీ దాన్ని చూశాడు.

"అది మా నాన్న పంచె రా!"

"తెలుసు. మంచి కాటన్. నీళ్లు బాగా పట్టుకుంటోంది."

"మా అమ్మ నిన్ను నమ్మి ఇచ్చింది రా!"

"అమ్మ చెయ్యి తడి తగలనివ్వొద్దంది. తగల్లేదు. మూత ఉంది కదా" అన్నాడు భాయ్, ఏ మాత్రం తొణక్కుండా.

అప్పటి నుంచి హింగన్‌ఘాట్ దాకా మా ప్రయాణం పంచె తడి ఆరేదాకా ప్రయాణం. పది పదిహేను కిలోమీటర్లు పోవడం, దగ్గు మొదలవగానే ఆపడం, నీళ్లు పోయడం, బీడీ తాగే ఓపికతో కూర్చోవడం. మా తాగే నీళ్లు అయిపోయాయి. బోరింగు కనిపించిన ప్రతి చోటా క్యాను నింపుకున్నాం. ఒక చోట పొలంలో మోటారు దగ్గర పెద్దాయన మా పంచెని, పంపుని చూసి మరాఠీలో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగితే భాయ్ "జ్వరం వచ్చిందా అంటున్నాడు" అన్నాడు. నిజంగా ఆయన అదే అన్నాడో, వీడు కల్పించాడో ఇప్పటికీ నాకు అనుమానమే.

పంతులు మాత్రం ఆ పూటంతా జాడీని ఒళ్లో పెట్టుకుని, మూత మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాడు. మేం నవ్వితే మొహం తిప్పుకునేవాడు. పొద్దు వాలాక కారు బుద్ధిగా నడిచింది. రాత్రి పదకొండింటికి నాగపూర్ లాడ్జిలో పడ్డాం. పంచె ఉతికి కిటికీకి ఆరేశాం. పసుపూ గ్రీజూ కలిసిన మచ్చ మాత్రం పోలేదు.

మర్నాడు మంగళవారం, ఇరవై ఎనిమిదో తారీఖు. ఎండ ముదరకముందే జబల్‌పూర్ చేరాలని ఐదింటికే లేచాం. మాన్సర్, దేవలాపార్, ఖవాసా. ఖవాసాతో మధ్యప్రదేశ్ మొదలు. పొద్దుటి వెలుగు టేకు ఆకుల మీద పడుతోంది. తునికాకు కోసే కాలం. ఆడవాళ్లు ఆకు మూటలు నెత్తిన పెట్టుకుని వరసగా రోడ్డంట నడుస్తున్నారు, అచ్చం మన ఆదిలాబాద్‌లోలాగే. కురై ఘాట్ ఇంకా రాలేదు. బోనెట్ లోపల ఎవరో చెంప మీద కొట్టినట్టు ఫట్‌మని చప్పుడు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది.

ఓనరు మొహం చూసి నాకు అర్థమైంది, వాడికి ఆ చప్పుడేంటో ముందే తెలుసని.

బెల్టు రెండు ముక్కలై, ఒక ముక్క రేడియేటర్ కింద, ఒక ముక్క రోడ్డు మీద. ఆ ఒక్క బెల్టే ఫ్యానుని, నీళ్ల పంపుని, డైనమోని మూడింటినీ తిప్పుతుంది. అది లేకపోతే నీళ్లు తిరగవు, గాలి రాదు, బ్యాటరీకి ఛార్జి ఎక్కదు. "స్పేరు తియ్యి" అన్నాడు భాయ్. ఓనరు డిక్కీ దాకా వెళ్లాడు. తెరిచాడు. పరుపు చుట్టని అటూ ఇటూ జరిపాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఆ డబ్బులతోనే కదరా శనివారం అందరం బిర్యానీ తిన్నాం" అన్నాడు చివరికి.

ఎవరం ఏమీ అనలేకపోయాం. ఆ బిర్యానీలో నేను డబుల్ కా మీఠా కూడా చెప్పించుకున్నాను.

పరుపు కట్టిన నైలాన్ తాడు విప్పి, పుల్లీల చుట్టూ బిగించి ముడేశాం. రెండు కిలోమీటర్లు పోయాక కాలిన వాసన వచ్చి ముడి ఊడింది. ఓనరు లుంగీ అంచు చింపి పేని కట్టాం. అది రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. అప్పటికి ఎనిమిదైంది. ఒక కల్వర్టు పక్కన నీడ చూసి కారుని తోసి పెట్టాం. వచ్చే ప్రతి బండినీ ఆపడం, బెల్టుందా అని అడగడం. బస్సువాళ్లు సివనీలో దొరుకుతుందన్నారు. సివనీ ఇంకా ముప్ఫై కిలోమీటర్ల పైనే. వెళ్లి తెస్తానని ఓనరు, నువ్వెళ్తే మళ్లీ బిర్యానీ తింటావని భాయ్. అలా వాదించుకుంటూ గంటలు గడిపేశాం. నిజం చెప్పాలంటే అంత టెన్షన్‌లో కూడా ఎవరికీ తొందరున్నట్టు లేదు. పంతులు కల్వర్టు మీద పడుకుని, పెద్ద టాపిక్కేం లేకుండా, హాస్టల్‌లో దొంగతనంగా వండుకున్న ఉప్మా దగ్గర్నుంచి మొదలుపెట్టి ఐదేళ్ల సంగతులన్నీ తవ్వి పోశాడు. వాడు అంతసేపు మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

పదకొండున్నర దాటాక కింద నుంచి ఒక లారీ మూలుగుతూ వచ్చింది. నంబరు ప్లేటు మీద ఏపీ పదహారు. కృష్ణా జిల్లా! నలుగురం రోడ్డు మధ్యకి పరిగెత్తాం.

లారీ ఆగకముందే మామిడిపండ్ల వాసన వచ్చి ఆగింది. నున్న మార్కెట్ నుంచి ఢిల్లీకి పోతున్న కాయ. యాభై ఏళ్లుంటాయేమో డ్రైవరుకి. నిక్కరు, బనీను, మెడలో ఎర్ర తువ్వాలు.

"ఏం బాబూ, ఏ ఊరు మనది?"

"హైదరాబాదన్నా. బెల్టు తెగింది."

"ఎక్కడికీ?"

"కాశీకి."

"కాశీకా! ఈ వయసులో మీకేం పాపాలున్నాయయ్యా?" అని దిగి, బోనెట్‌లోకి తొంగి చూసి, కాలిన నైలాన్ ముక్కని గోటితో గీకి, క్లీనరు కుర్రాడితో "ఒరే, ఆ పాత ట్యూబు పట్రా" అన్నాడు.

తర్వాత ఆయన చేసిన పని నేను దగ్గర కూర్చుని చూశాను. టార్పాలిన్ తాళ్లు కట్టుకోడానికి ఉంచుకున్న చిరిగిన లారీ ట్యూబు అది. దాన్ని బండ మీద పరిచి చదును చేశాడు. కత్తిని నీళ్లలో ముంచాడు. రబ్బరు పొడి కత్తికి తెగదు, జారే కత్తికే తెగుతుందిట. ట్యూబుకి అడ్డంగా, ఒక అంగుళం వెడల్పున, దోసకాయ చక్రం కోసినట్టు కోశాడు. విప్పితే గుండ్రటి రింగు, ఎక్కడా అతుకు లేదు. రెండు బొటనవేళ్లకి తగిలించి లాగి, ఎండకెత్తి పగుళ్లేమైనా ఉన్నాయేమో చూశాడు. నచ్చలేదు, పారేశాడు. ఇంకోటి కోశాడు. అలా ఐదు. భాయ్ పానాతో డైనమో బోల్టు వదులు చేసి లోపలికి నెట్టాడు. ఓనరు ముందు హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పుతుంటే, భాయ్ వేళ్లు నలగకుండా రింగుని ఒక్కో పుల్లీ మీదకి ఎక్కించాడు. దాని మీద ఇంకో రింగు. డైనమోని వెనక్కి లాగి బోల్టు బిగించారు.

"నలభై దాటొద్దు. ప్రతి పది కిలోమీటర్లకీ ఆపి చెయ్యి పెట్టి చూసుకోండి. వేడెక్కితే సాగుద్ది. సాగితే మార్చుకోండి, అంతే" అన్నాడు ఆయన.

డబ్బులిస్తే తీసుకోలేదు. అప్పుడే పంతులు ఉలిక్కిపడి లేచాడు.

"మూడో రోజు!"

మా చేతులు చూసుకున్నాం. భాయ్ చేతులు గ్రీజు. ఓనరు చేతులు తుప్పు. నా చేతులు రేడియేటర్ నీళ్లు. పంతులు చేతులకి చెమట. డ్రైవరు సంగతేంటని అడిగి, విని, పగలబడి నవ్వాడు. "నూజివీడోణ్ణి పట్టుకుని ఆవకాయ తిప్పడానికి మనిషి లేడంటారేంటి?" అని క్యాబిన్‌లోంచి తను వంటకి వాడుకునే చెక్క తెడ్డు తీసి, తుడిచి, బానెట్ మీద ఎండలో పెట్టాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, అవి కూడా ఆరేదాకా గాల్లో ఎత్తి నిలబడ్డాడు. మూత తీశాడు. కింద నుంచి పైకి, పైనుంచి కిందకి, ముక్క నలక్కుండా తిప్పాడు. రవ్వంత నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఉప్పు సరిపోయింది. నూనె చాల్లేదు. సీసా ఇటివ్వు."

నూనె పోసి మళ్లీ ఒక తిప్పు తిప్పి, "అమ్మగారిది గుంటూరు వైపా?" అనడిగాడు. పంతులు తలూపాడు. వాళ్లమ్మగారిది నిజంగానే తెనాలి.

మేం అడిగించుకోకుండానే ఆయన స్టీలు టిఫిను నిండా ఆవకాయ పెట్టాం. బదులుగా మా వెనక సీట్లో రెండు డజన్ల బంగినపల్లి పళ్లు పడ్డాయి. వాసెన లేకుండా జాడీ పంపడానికి ఆయనకి మనసొప్పలేదు. పెట్టెలోంచి ఉతికిన తువ్వాలు తీసి మూతి మీద పరిచి, మిగిలిన రింగుల్లో ఒకటి సాగదీసి జాడీ మెడకి ఎక్కించాడు. టప్‌మని పట్టుకుంది. "పురికొస కన్నా ఇదే నయం" అని లారీ ఎక్కి వెళ్లిపోయాడు. పేరు అడగడం మాకు గుర్తు రాలేదు.

నలభైలో పోయి, రెండుసార్లు రింగులు మార్చి, ఆఖరి రింగు మీద సివనీ చేరేసరికి మూడైంది. మెకానిక్ షాపు తెరిచే ఉంది, మనిషి లేడు. పక్క మిఠాయి దుకాణంలో టీవీ ముందు యాభై మంది. పార్లమెంటులో వాజ్‌పేయి మాట్లాడుతున్నారు. పదమూడు రోజుల ప్రభుత్వానికి ఆఖరి రోజు అది. మెకానిక్‌ని వెతికి పట్టుకుని బెల్టు అడిగితే "ఉంది. ఇది అయ్యాక ఇస్తా" అన్నాడు కళ్లు తిప్పకుండా. మేం కూడా జిలేబీలు కొనుక్కుని నిలబడ్డాం. నాకు సగమే అర్థమైంది, కానీ ఆయన మాటకీ మాటకీ మధ్య ఆగినప్పుడు దుకాణంలో ఈగల చప్పుడు కూడా వినిపించింది. రాజీనామా ఇవ్వడానికి రాష్ట్రపతి దగ్గరికి వెళ్తున్నానని చెప్పి ముగించాక ఎవరూ వెంటనే కదల్లేదు. మెకానిక్ మా వైపు తిరిగి "మీరు హైదరాబాద్ వాళ్లా? ఆ యునైటెడ్ ఫ్రంటులో మీ చంద్రబాబు కూడా ఉన్నాడు కదా" అన్నాడు, బెల్టు ఇవ్వాలా వద్దా అన్నట్టు. భాయ్ వెంటనే "మేం ఓట్లేసే రకం కాదు సాబ్, బెల్టు కూడా లేని రకం" అన్నాడు. ఆయన నవ్వి బెల్టు వేశాడు, ఇంకోటి స్పేరు కూడా ఇచ్చాడు. మా రింగు విప్పి చూసి, కొంచెంసేపు వేళ్ల మధ్య తిప్పి, తనే దాచుకున్నాడు.

లఖ్‌నాదౌన్‌లో రోడ్డు చీలుతుంది. ఢిల్లీ లారీలన్నీ ఎడమకి, నర్సింగ్‌పూర్, సాగర్ మీదుగా పోతాయి. మేం కుడికి. రాత్రి జబల్‌పూర్‌లో రేడియేటర్ కింద చుక్కలు పడటం చూసి, భాయ్ కిరాణా కొట్లో వంద గ్రాముల పసుపు కొని అందులో కుమ్మరించాడు. డ్రైవర్లందరూ చేసేదేనట, సన్న కన్నాలకి పసుపు అడ్డం పడుతుందిట. పట్టింది కూడా. మర్నాడు బుధవారం కట్నీ సున్నపు దుమ్ము, మైహర్, రీవా. ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాన్ ఉన్న ఊరు మైహర్ అని పంతులు ఆపమన్నాడు. ఆపితే మళ్లీ స్టార్టవదేమోనని ఎవరం ఆపనివ్వలేదు. అది ఆపాల్సింది. అర్ధరాత్రి మీర్జాపూర్‌లో గంగ మీద వంతెన ఎక్కాం. నది కనపడలేదు, చల్లగాలి మాత్రం తగిలింది.

తెల్లారుతుండగా కాశీ. యూనివర్సిటీ గేటు ముందున్న పేటని లంక అంటారు. టీ తాగుదామని ఆపాం. అంతే, సెల్ఫ్ కిర్రుమని ఊరుకుంది. బ్యాటరీ అయిపోయింది. హ్యాండిల్ తిప్పే ఓపిక ఎవరికీ లేదు. ఓనరు స్టీరింగు దగ్గర, మేం ముగ్గురం వెనక. పంతులు ఒక చేత్తో జాడీ, ఒక చేత్తో కారు. ఆ పెద్ద గేటులోంచి మా వాడు రీసెర్చి చెయ్యడానికి కారు తోసుకుంటూ లోపలికి వెళ్లాడు.

గది దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆంధ్రాశ్రమంలో ఉన్నాం. రోజూ పొద్దున్నే గంగలో మునిగేవాళ్లం. మీర్జాపూర్ దాటాక ఎవరం పెద్దగా పోట్లాడుకోలేదని అప్పుడు గమనించాను. శనివారం సాయంత్రం వాణ్ణి హాస్టల్‌లో దింపి, పరుపు పరిచి, స్టవ్వుకి కిరోసిన్ పోసి, బయటికొచ్చాం. వాడు మెట్ల దాకా వచ్చి "పంపు మీద పంచె మర్చిపోకండి, పాండర్‌కవడా దగ్గర మళ్లీ ఆగుద్ది" అన్నాడు.

ఆగలేదు. తిరుగు ప్రయాణంలో ఒక్క ట్రబులూ ఇవ్వలేదు. ఎక్కడా దిగాల్సిన పని పడలేదు. ముగ్గురం పెద్దగా మాట్లాడుకోకుండానే హైదరాబాదు చేరాం. పంచె ఉతికి మడతపెట్టి వాళ్లమ్మగారికి ఇస్తే, మచ్చ చూసి, ఏం అడక్కుండా లోపల పెట్టుకున్నారు.

1999 చలికాలంలో నేనొక్కణ్ణే రైల్లో కాశీ వెళ్లాను. పంతులు థీసిస్ రాస్తున్నాడు. చిక్కిపోయాడు, హిందీ మాత్రం పొంగిపొర్లుతోంది. గదిలో కిటికీ కింద అదే జాడీ. ఆవకాయ ఎప్పుడో అయిపోయింది, అందులో అటుకులు పోసుకున్నాడు. మూతి మీద లారీ ఆయన తువ్వాలు, రంగు వెలిసిపోయి. దాని చుట్టూ ఆ రబ్బరు రింగు, గట్టిపడి, అక్కడక్కడా సన్నగా పగుళ్లు. అటుకులు తీద్దామని నేను దాని మీద చెయ్యి వేశాను.

"ఆగు ఆగు, నువ్వు తియ్యకు. తెగుద్ది" అని తనే లేచి వచ్చాడు.